ఒక్క కండరం పట్టేస్తే సెమీస్ లెక్క ఎన్ని చోట్ల మారుతుంది

ఆ పిల్ల కింద పడలేదు. పడుంటే నాకు వెంటనే తెలిసేది. బంతి వెంట పరుగెత్తుతున్నదల్లా నడకలోకి వచ్చేసి, నాలుగడుగులు వేసి, స్టిక్‌ని చేతికర్రలా నేలకి ఆనించి నిలబడిపోయింది. కుడి చెయ్యి తొడ వెనక్కి పోయింది. "ఏందిమా?" అని గీత బయట నుంచి అరిచాను. "పట్టేసింది సార్" అంది. పిల్లలతో హాకీ ఆడించే ఎవరికైనా ఆ మాట వింటే కాళ్లూ చేతులూ ఆడవు.

మాది కావలి దగ్గర ఒక ఊరి బడి. అండర్-17 అమ్మాయిల జట్టు. జట్టులో సగం మంది మత్స్యకారుల ఇళ్ల పిల్లలు. ఆ రోజు ఐస్ కోసం వెతికితే జువ్వలదిన్నె నుంచి వచ్చే చేపల బండి ఒక్కటే కనిపించింది. ఆ బండాయన డబ్బులు తీసుకోకుండా పెద్ద గడ్డ పగలగొట్టి ఇచ్చాడు. తువ్వాల్లో చుట్టి తొడకి అదిమి పట్టాం. చేపల వాసన కొడుతుంటే పక్కనున్న పిల్లలు ముక్కు మూసుకున్నారు గానీ, ఆ అమ్మాయి మాత్రం గ్రౌండు వైపే చూస్తూ కూర్చుంది. మేం అప్పటికి 1-0 ముందున్నాం. ఇంకో పదిహేను నిమిషాల ఆట ఉంది.

సాయంత్రం బస్సులో అందరిదీ ఒకే ప్రశ్న. "ఆ పిల్ల లేకపోతే ఇంక సెమీస్ యాడ సార్?" అప్పుడు నోటికొచ్చిన ధైర్యం చెప్పాను. రాత్రి ఇంటికొచ్చి కాగితం మీద గీసుకుంటే, ఆ ప్రశ్నలో నాలుగైదు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయని అర్థమైంది. హాకీలో ముఖ్యమైన ఆటగాడికి దెబ్బ తగిలితే మనమందరం చేసే పని, "అతను ఎన్ని గోల్స్ కొట్టేవాడు?" అని లెక్కేసుకోవడం. పోయేది అదొక్కటే కాదు.

మొదట నేను చేసిన తప్పు చెబుతాను. ఆ అమ్మాయి మా సెంటర్ హాఫ్. మైదానం మధ్యలో ఆడుతుంది, బంతి ఎటు తిరగాలో ఆమే తిప్పుతుంది. ఆమె బయటికి రాగానే నాకు కంగారులో తోచింది ఒకటే: మిగిలినవాళ్లలో మంచి ఆట ఎవరిదో వాళ్లని ఆ చోటికి పంపడం. ఆ మంచి ఆట మా ఫుల్ బ్యాక్‌ది, అంటే వెనక వరసలో గోల్‌ని కాపాడే అమ్మాయిది. ఆమెని మధ్యకి జరిపి, వెనక ఖాళీ అయిన చోటికి బెంచి మీద ఉన్న తొమ్మిదో తరగతి పిల్లని దింపాను. మధ్యలో ఆట కాస్త నిలబడింది. వెనక కూలిపోయింది. ఆరు నిమిషాల్లో గోల్ తిన్నాం. 1-1.

దెబ్బ తగిలింది ఒకరికి, నేను మార్చింది రెండు చోట్లు. పైగా గోల్ పడింది గాయపడిన అమ్మాయి చోట్లో కాదు, ఏ దెబ్బా తగలని చోట. జట్టులో ఒకరు పోతే చూడాల్సింది పోయినవాళ్ల గొప్పతనం కంటే ముందు, ఆ ఖాళీని ఎక్కడి నుంచి తెచ్చి పూడుస్తున్నాం అన్నది. బెంచి మీద నుంచి నేరుగా ఆ చోటికే ఒకరిని పంపితే నష్టం ఒక్క చోటే ఉంటుంది. ఆ తొమ్మిదో తరగతి పిల్లని నేను నేరుగా మధ్యలోకి పంపి, వెనక వరసని కదపకుండా వదిలేయాల్సింది. మధ్యలో బలహీనంగా ఉండేవాళ్లం, నిజమే. కానీ గోల్‌కి ముప్పై గజాల దూరంలో తప్పు చేస్తే దిద్దుకోవడానికి వెనక మనుషులుంటారు. గోల్ ముందు తప్పు చేస్తే గోల్‌కీపర్ తప్ప ఎవరుంటారు?

ఇక పాయింట్ల సంగతి. మా గ్రూపులో నాలుగు జట్లు. మొదటి రెండు సెమీస్‌కి. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. మొదటి మ్యాచ్ 3-0తో గెలిచాం, రెండోది ఈ 1-1. మాకు 4 పాయింట్లు. మాతో డ్రా చేసుకున్న జట్టుకీ 4. మూడో జట్టుకి 3, నాలుగోదానికి సున్నా. చివరి మ్యాచ్ ఆ 3 పాయింట్ల జట్టుతో. ఓడిపోతే వాళ్లు 6కి వెళ్లిపోతారు, మేం 4 దగ్గరే ఆగి పక్క మ్యాచ్‌లో ఏమవుతుందా అని ఎదురుచూడాలి. అదే డ్రా చేస్తే మాకు 5, వాళ్లకి 4. ఎవరి మీదా ఆధారపడకుండా సెమీస్‌లో ఉంటాం.

అంటే మాకు గోల్ కొట్టాల్సిన పనే లేదు, తినకుండా ఉంటే చాలు. గోల్ కొట్టడానికి ఆ సెంటర్ హాఫ్ ఎంత అవసరమో, గోల్ తినకుండా ఉండటానికి అంత అవసరం లేదు. ఆ సంగతి కాగితం మీద కనిపించాక రాత్రి నిద్ర పట్టింది. ఫుల్ బ్యాక్‌ని తిరిగి తన పాత చోట్లోనే, వెనక పెట్టాను. ముందు వరసలో ఒకరిని తగ్గించి మధ్యలో నలుగురిని నిలిపాను. చూసేవాళ్లకి చప్పగా అనిపించిన ఆట అది. 0-0. మేం రెండో స్థానంలో సెమీస్‌కి వచ్చాం. ఒకరు లేకపోవడం వల్ల కలిగే నష్టం అన్ని మ్యాచుల్లో ఒకేలా ఉండదు. ఆ రోజు పాయింట్ల పట్టిక మనల్ని ఏం అడుగుతోందో దాన్ని బట్టి ఉంటుంది.

దీనికి సరిగ్గా ఎదురు పరిస్థితి 2023 జనవరిలో మన దేశ పురుషుల జట్టుకి వచ్చింది. హాకీ ప్రపంచకప్ ఒడిశాలో, భువనేశ్వర్, రూర్కెలా నగరాల్లో జరిగింది. మన గ్రూపులో ఇంగ్లండ్, స్పెయిన్, వేల్స్. మొదటి మ్యాచ్‌లో స్పెయిన్ మీద 2-0తో గెలిచాం. అందులో రెండో గోల్ మైదానం మధ్యలో, అంటే మిడ్‌ఫీల్డ్‌లో ఆడే హార్దిక్ సింగ్‌ది. ఎడమ పక్క నుంచి ఒంటరిగా బంతిని తోసుకుంటూ లోపలికి దూసుకొచ్చిన ఆ పరుగు చూసినవాళ్లెవరూ మర్చిపోరు. రెండో మ్యాచ్ ఇంగ్లండ్‌తో 0-0. ఆ మ్యాచ్ ఆఖరి క్వార్టర్‌లో, అంటే ఆట నాలుగు భాగాల్లో చివరిదాంట్లో, హార్దిక్ తొడ వెనక కండరం పట్టుకుని బయటికి వచ్చేశాడు. మా అమ్మాయి పట్టుకున్నదీ సరిగ్గా అక్కడే.

అప్పటికి ఇంగ్లండ్‌కీ మనకీ చెరో 4 పాయింట్లు. కానీ వేల్స్‌ని 5-0తో కొట్టడం వల్ల ఇంగ్లండ్ గోల్స్ తేడా (కొట్టినవాటిలోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది) 5, మనది 2. ఆ ప్రపంచకప్ పద్ధతిలో గ్రూపులో మొదటి స్థానం వస్తే నేరుగా క్వార్టర్ ఫైనల్. రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్లు ఇంకో గ్రూపు జట్టుతో ఒక మ్యాచ్ అదనంగా ఆడి గెలవాలి. దాన్ని క్రాసోవర్ అంటారు. చివరి రోజు మనకంటే ముందు ఆడిన ఇంగ్లండ్ స్పెయిన్‌ని 4-0తో ఓడించేసింది. వాళ్ల తేడా 9 అయిపోయింది. మనం మొదటి స్థానంలోకి రావాలంటే వేల్స్‌ని 8 గోల్స్ తేడాతో గెలవాలి.

8 గోల్స్ కొట్టాల్సిన రోజున, మధ్యలో నుంచి బంతిని ముందుకి మోసుకెళ్లేవాడు బెంచి మీద కూర్చున్నాడు. మాకు గోల్ అక్కర్లేని రోజున మా పిల్ల కూర్చుంది. గాయం ఒకే రకం, పట్టిక మాత్రం వేరు. మన జట్టు 4-2తో గెలిచింది. మూడో క్వార్టర్ చివర్లో వేల్స్ రెండు గోల్స్ కొట్టి 2-2 చేసేసరికి ఇక్కడ మా ఇంట్లో టీవీ ముందు ఎవరికీ మాట రాలేదు. గెలిచాం కానీ మొదటి స్థానం పోయింది. క్రాసోవర్ తప్పలేదు.

ఆ రోజుల్లో మన శిబిరం నుంచి వచ్చిన మాటలు గుర్తున్నాయి. మొదట గాయం అనుకున్నంత పెద్దది కాదన్నారు. వేల్స్ మ్యాచ్‌కి విశ్రాంతి ఇచ్చామన్నారు. జనం ఆశపడ్డారు, నేనూ ఆశపడ్డాను. న్యూజిలాండ్‌తో క్రాసోవర్‌కి ముందు రోజు, హార్దిక్ టోర్నీకే దూరమయ్యాడని, అతని బదులు రాజ్‌కుమార్ పాల్ వస్తాడని ప్రకటించారు. కోచ్ మీద అప్పుడు నాకు కోపం వచ్చింది, ముందే చెప్పొచ్చు కదా అని. ఇప్పుడు ఆ స్థానంలో, చిన్న గ్రౌండులోనే అనుకోండి, నిలబడి చూస్తే అలా ఎందుకు ఆగారో అర్థమవుతోంది. కొత్తవాడిని తీసుకోవడమంటే పాతవాడి మీద ఆశ వదులుకోవడం. రెండు రోజులు ఆగితే నయమవుతుందేమో అన్న ఆశ ఎవరినైనా ఆపుతుంది.

జనవరి 22న న్యూజిలాండ్ మీద 2-0 ఆధిక్యంలోకి వెళ్లాం. తర్వాత 3-1. అక్కడి నుంచి 43వ నిమిషంలో ఒకటి, 49వ నిమిషంలో ఒకటి తిని 3-3 చేసుకున్నాం. ఆట సమమైతే గెలుపు తేల్చే షూటౌట్‌లో 4-5తో పోయింది. సొంత గడ్డ మీద ప్రపంచకప్‌లో క్వార్టర్ ఫైనల్ కూడా లేదు.

హార్దిక్ ఉంటే గెలిచేవాళ్లమా? ఆ మాట ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఆ టోర్నీలో మనకి పెనాల్టీ కార్నర్లు (ఎదుటివాళ్లు గోల్ దగ్గర తప్పు చేస్తే దొరికే గోల్ అవకాశాలు) చాలా వచ్చాయి, గోల్స్ తక్కువ వచ్చాయి. కెప్టెన్ హర్మన్‌ప్రీత్ ఫామ్‌లో లేడు. షూటౌట్ మధ్యలో గోల్‌కీపర్ శ్రీజేష్‌కి కూడా దెబ్బ తగిలి కృష్ణ పాఠక్ రావాల్సి వచ్చింది. ఓటమికి ఇన్ని కారణాలున్నప్పుడు అన్నీ తీసుకెళ్లి ఒక గాయం మీద వేయడం మిగతావాళ్లకి అన్యాయం. కానీ ఆధిక్యం చేతిలో ఉన్నప్పుడు ఆటని నెమ్మదింపజేసి బంతిని మన దగ్గరే ఉంచుకోవడం అన్నది మిడ్‌ఫీల్డ్‌లో ఉండేవాళ్ల పని. ఆ పని ఆ రోజు జరగలేదు.

ఇక్కడ హాకీకి ప్రత్యేకమైన ఒక విషయం ఉంది. క్రికెట్ చూసే కళ్లకి ఇది తొందరగా అందదు. హాకీలో ఎంతమందినైనా, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. బయటికెళ్లినవాడు మళ్లీ లోపలికి రావచ్చు. పెద్ద స్థాయిలో మిడ్‌ఫీల్డర్లు కొన్ని నిమిషాలు ప్రాణం పెట్టి పరుగెత్తి బయటికొచ్చి ఊపిరి పీల్చుకుని మళ్లీ వెళతారు. ఆ వంతుల్లో ఒకరు తగ్గితే మిగిలిన ప్రతి ఒక్కరి పరుగూ పెరుగుతుంది. ఆ అలసట మొదటి క్వార్టర్‌లో తెలియదు. నాలుగోదాంట్లో కాళ్లు చెబుతాయి.

పెనాల్టీ కార్నర్ దగ్గర ఇంకా సన్నని సంగతి ఒకటుంది. గోల్ గీత మీద నుంచి ఒకరు బంతిని బయటికి నెడతారు. గోల్ ముందు అర్ధచంద్రంలా గీసి ఉండే డీ వంపు బయట ఒకరు దాన్ని ఆపుతారు. మూడో మనిషి లాగి విసురుతాడు, అదే డ్రాగ్ ఫ్లిక్. గోల్ కాపాడేది కీపర్‌తో కలిపి ఐదుగురే. మొత్తం రెండు సెకన్ల లోపు అయిపోతుంది. పేపర్లో పేరు వచ్చేది మూడో మనిషికి. కానీ నెట్టే మనిషి బంతిని ఒక జానెడు పక్కకి పంపినా, కాస్త ఎగిరేలా పంపినా, ఆపేవాడు వంగి సర్దుకోవాలి, విసిరేవాడి అడుగు తప్పుతుంది. ఆ సగం సెకనులో ఎదుటివాళ్లు మీద పడిపోతారు. మన జట్టులో ఆ నెట్టే పని చాలాసార్లు హార్దిక్‌దే. అటువంటివాడు లేనప్పుడు, గోల్ తప్పినందుకు మనం తిట్టేది డ్రాగ్ ఫ్లిక్కర్‌ని. మా జట్టులో కూడా నెట్టేది ఆ అమ్మాయే. నేను ఆ రాత్రి గీసుకున్న కాగితంలో ఇది రాసుకోవడం మర్చిపోయాను. 0-0 మ్యాచ్‌లో మూడు పెనాల్టీ కార్నర్లు వస్తే మూడింటిలోనూ బంతి ఆపే దగ్గరే జారిపోయాక గుర్తొచ్చింది.

కార్నర్ ఆపే వైపు కూడా ఇంతే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్‌లో అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డు పడింది. నలభై నిమిషాలకి పైగా పదిమందితో ఆడి 1-1 దగ్గర నిలిచి, షూటౌట్‌లో 4-2తో గెలిచాం. ఆ మ్యాచ్ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. కానీ ఆ తర్వాత సంగతి ఇక్కడ ముఖ్యం. రోహిదాస్ మీద ఒక మ్యాచ్ నిషేధం పడి సెమీఫైనల్‌కి దూరమయ్యాడు. అసలే ఒలింపిక్ జట్టులో పదహారు మందే. ఎదుటివాళ్లు పెనాల్టీ కార్నర్ తీస్తుంటే బంతికి అడ్డంగా మొదట దూకే మనిషి అతనే. జర్మనీతో ఆ సెమీఫైనల్ 2-3తో ఓడిపోయాం. వాళ్ల మొదటి గోల్ పెనాల్టీ కార్నర్ నుంచే వచ్చింది. పదిమందితో నలభై నిమిషాలు నిలబడిన జట్టు, పదకొండు మందితో రెండు రోజుల తర్వాత ఓడింది. ఒక మనిషి తక్కువైతే అందరూ తలా కొంచెం ఎక్కువ పరుగెత్తి పూడుస్తారు. ఒక ప్రత్యేకమైన పని తెలిసినవాడు లేకపోతే పరుగుతో అది పూడదు. నాకు అర్థమైనంతలో ఈ రెండింటికీ ఉన్న తేడా అదే.

మా అమ్మాయి దగ్గరికి వస్తాను. ఆఖరి గ్రూపు మ్యాచ్ అయిన రెండు రోజులకి సెమీస్ జరగాలి. ఆ రాత్రే అల్పపీడనం మొదలైంది. నవంబరులో మన నెల్లూరు జిల్లాకి ఇది కొత్త కాదు. రెండు రోజులు ఆగకుండా పడింది. గ్రౌండులో పాదం మునిగేంత నీళ్లు. మ్యాచ్ పది రోజులు వాయిదా వేశారు. ఊళ్లో అందరూ దేవుడే వాన కురిపించాడన్నారు. నాకు మాత్రం అప్పుడే అసలు టెన్షన్ మొదలైంది.

ఎందుకంటే మూడు రోజుల్లో అయితే ప్రశ్నే లేదు, ఆడించం. మూడు నెలలైనా ప్రశ్న లేదు, హాయిగా ఆడిస్తాం. పది రోజులు, పన్నెండు రోజులు అన్నదే కష్టం. తొడ వెనక ఉండే ఈ హ్యామ్‌స్ట్రింగ్ కండరాలు మూడు. గాయాన్ని మూడు స్థాయిలుగా చూస్తారు. పోగులు కాస్త సాగితే ఒకటి నుంచి మూడు వారాలు, కొంత చిరిగితే నెలో రెండు నెలలో, పూర్తిగా తెగితే ఇంకా ఎక్కువ. మేం చూపించిన ఫిజియోథెరపిస్ట్ మొదటి స్థాయే అన్నాడు, మూడు వారాలు పరుగు వద్దన్నాడు. ఐదో రోజుకే ఆ పిల్ల మామూలుగా నడిచేసింది. ఏడో రోజుకి మెట్లెక్కింది. "అస్సలు నొప్పి లేదు సార్" అంది. అబద్ధం కాదది. నిజంగానే నొప్పి లేదు. కానీ నొప్పి పోవడం వేరు, కండ గట్టిపడటం వేరు. నడకలో ఆ కండరానికి పెద్ద పనే ఉండదు. పరుగెత్తేటప్పుడు కాలు ముందుకి విసిరి నేల మీద పెట్టే ముందు, సాగుతూనే కాలిని ఆపాల్సిన పని దానిది. అందులోనూ హాకీలో నడుము వంచి పరుగెత్తాలి. వంగితే అది ఇంకా సాగుతుంది. ఒకసారి పట్టేసినవాళ్లకి మళ్లీ పట్టేసే ప్రమాదం ఎక్కువ, అదీ తిరిగి ఆట మొదలుపెట్టిన మొదటి రెండు వారాల్లోనే ఎక్కువ. రెండోసారి వచ్చేది సాధారణంగా మొదటిదానికంటే పెద్దది.

ఒక చిన్న పరీక్ష చేయించాను. వెల్లకిలా పడుకుని, ఒక మడమ బల్ల మీద పెట్టి, నడుముని పైకెత్తి దించాలి. ఎడమ కాలితో ఇరవై ఆరు సార్లు చేసింది. కుడి కాలితో పదకొండోసారికి పిక్కలు వణికాయి, పద్నాలుగుకి ఆపేసింది. నా మొహం చూసింది. నేను ఏమీ అనలేదు. "ఇంకోసారి చేస్తా సార్, ఇప్పుడు సరిగ్గా పెట్టలేదు కాలు" అంది. వద్దన్నాను.

వాళ్లమ్మ మర్నాడు బడికి వచ్చింది. "సార్, రాష్ట్ర జట్టు సెలెక్షన్‌కి ఎవరో చూడటానికి వస్తారంట కదా, పిల్ల రాత్రంతా ఏడ్చింది, ఒక్క పది నిమిషాలన్నా దించకూడదా" అని అడిగింది. ఆమెకి హార్దిక్ కథ చెప్పాను. ప్రపంచకప్ మధ్యలో ఆగిపోయిన ఆ కుర్రాడు అదే ఏడాది అక్టోబరులో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ ఏడాదికి ప్రపంచంలోనే ఉత్తమ హాకీ ఆటగాడిగా అంతర్జాతీయ సమాఖ్య అతన్నే ఎంచుకుంది. 2006లో మన హాకీ ఆటగాడే సందీప్ సింగ్‌కి రైల్లో పొరపాటున తూటా తగిలింది, ప్రపంచకప్‌కి జర్మనీ వెళ్లాల్సిన రోజులవి. అక్కడ మన జట్టు 11వ స్థానంలో వచ్చింది. అతను మళ్లీ లేచి నిలబడి 2009లో జాతీయ జట్టుకి కెప్టెన్ అయ్యాడు. ఆమె అంతా విని, "మీ ఇష్టం సార్, కాలు మాత్రం జాగ్రత్త" అని వెళ్లిపోయింది. ఆ అమ్మాయి సెమీస్ ఆడదు. నిర్ణయం అయిపోయింది.

మరి సెమీస్ ఆశ ఎంత? గ్రూపులో డ్రా సరిపోయింది, సెమీస్‌లో సరిపోదు, కానీ షూటౌట్ దాకా తీసుకెళుతుంది. ఎదుటి గ్రూపులో మొదటి స్థానంలో వచ్చిన జట్టు అది. మాకంటే బలమైనది, దాచుకోవాల్సిన పని లేదు. వాళ్లని ఆటలో గెలవడం కష్టం. గోల్ లేకుండా ఆపడం మాత్రం కుదిరే పనే, ఒకసారి చేసి చూపించారు మా పిల్లలు. షూటౌట్ అంటే 23 మీటర్ల గీత దగ్గర్నుంచి ఒక్కరే బంతి తీసుకుని కీపర్ మీదికి వెళ్లాలి, ఎనిమిది సెకన్లలో గోల్ కొట్టాలి. అక్కడ మిడ్‌ఫీల్డ్ అక్కర్లేదు, వంతుల అలసట ఉండదు. మా కీపర్‌ది చేపల వేటకెళ్లే ఇల్లు. వల విసిరే చేతులు వాళ్లవి. ఆ చేతుల మీద నాకు నమ్మకం ఉంది.

ఇక పెనాల్టీ కార్నర్ ఒక్కటన్నా గోల్ అయితే షూటౌట్ దాకా కూడా వెళ్లక్కర్లేదు. అందుకే వారం రోజులుగా తొమ్మిదో తరగతి పిల్లకి ఆ నెట్టే పని నేర్పిస్తున్నాం. నేర్పించేది నేను కాదు, ఆ గాయపడిన అమ్మాయే. బడి వెనక సిమెంటు అరుగు మీద కూర్చుని, కాలు చాపుకుని, "వెనక కాలు ఇంకా దూరం పెట్టు, నెట్టేటప్పుడు తల ఎత్తమాకు" అని అరుస్తూ ఉంటుంది. నేల మీద ముగ్గుపిండితో జానెడు వెడల్పు గీసి, బంతి ఆ గీతల మధ్య నుంచే పోవాలని పందెం. మొదటి రోజు ముప్పైలో తొమ్మిది పోయాయి. నిన్న పొద్దున నేనే దగ్గరుండి లెక్కపెట్టాను. ముప్పైలో ఇరవై ఒకటి.